పట్టీ తెగిన చోటు

ఆ వాలీబాల్ సీజనంతా నేను ఒక అద్దాల గదిలో కూర్చుని, ఎవరికీ అక్కర్లేని గుడ్డను, ఎవరో చూడటం కోసం కుడుతూ గడిపాను. గది తలుపు పైన 'జెర్సీ అమ్మ' అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నేను ఆ జెర్సీకి అమ్మను కాను. అచ్చాఫీసులో ఒక జీవితకాలం ప్రూఫులు దిద్దిన మనిషిని. నిఘంటువులు, న్యాయశాస్త్ర గ్రంథాలు, పాఠ్యపుస్తకాలు నా కళ్ళ కింది నుంచి వెళ్ళాయి. చివరి ప్రూఫు మీద 'అచ్చుకు ఇవ్వవచ్చు' అని నేను రాసి సంతకం పెడితే తప్ప యంత్రం తిరిగేది కాదు. రాసిన మాటకు ఎంత బరువుంటుందో తెలిసినదాన్ని గనకనే, ఆ గదిలో నా చేత పలికించిన ప్రతి వాక్యమూ నాకు ముల్లులా గుచ్చుకుంది.

సంగతి మొదలైంది మా భోజనాల బల్ల దగ్గర.

మా వారిని అందరూ కెప్టెన్ అంటారు. నేనూ అంటాను, కాకపోతే నేననే తీరు వేరు. వయసులో ఉండగా ఆయన మా ఊరి వాలీబాల్ జట్టుకు నాయకుడు. ఆ జట్టు ఒకే ఒక్కసారి పెద్ద కప్పు గెలిచింది. ఆ తర్వాత చేతులు మారి, పేరు మాసిపోయి, ఇన్నేళ్ళకు ఒక కొత్త యజమాని చేతిలో పడింది. జట్టుకు కొత్త జెర్సీ తయారుచేసే పని మా అమ్మాయికి వచ్చింది. డిజైనరుగా అది దాని మొదటి పెద్ద పని. సీజను సవ్యంగా నడిస్తే ఉద్యోగం ఖాయం, నడవకపోతే ఇంటికి అని ముందే చెప్పారు. జట్టు బ్రాండు చూసుకోవడానికి ఇంకొకతన్ని పెట్టారు. రెండు మాటలకొకసారి 'మనం బ్రాండుకు విధేయంగా ఉండాలి' అనేవాడు గనక అతనికి నేను విధేయుడు అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు విధేయుడు చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, కెప్టెన్ పాత జెర్సీని మా బల్ల మీద పరిచాడు. ముదురు నీలం గుడ్డ. గుండె మీదుగా నిమ్మపండు రంగు పట్టీ. ఆ పట్టీ ముందూ ఉంది, వెనకా ఉంది. రెండు చంకల కింద మాత్రం రెండు వేళ్ళ వెడల్పున తెగిపోయి, అక్కడ ఉత్త నీలం ఉంది. పక్కన కప్పు గెలిచిన నాటి నలుపు తెలుపు ఫొటో. జట్టంతా చేతులు పైకెత్తి అరుస్తుంటే, మధ్యలో కెప్టెన్ ఒక్కరే మోచేతులు డొక్కలకు అదుముకుని, కప్పును పొట్ట ముందు పట్టుకుని నిలబడ్డారు. వెనక ఒకరి మీద ఒకరు ఎగబడుతున్న మిగతావాళ్ళ జెర్సీల పక్కలు ఫొటోలో కనిపించడం లేదు.

"మిగతా జెర్సీలు ఒక్కటీ దొరకలేదు సార్, మిగిలింది ఇదొక్కటే" అన్నాడు విధేయుడు. "అసలు పట్టీని ఇక్కడ ఎందుకు ఆపేశారు? ఎవరి ఆలోచన? మీ నోటితోనే వినాలని వచ్చాను."

అది ఎవరి ఆలోచనా కాదు. ఆ ఏడు సీజను మధ్యలో కెప్టెన్ మోకాలు బెణికింది. ఆట మానేశారు, తిండి మానలేదు. తిరిగి మైదానానికి వెళ్ళేనాటికి జెర్సీ పట్టలేదు. కొత్తది కుట్టించే ఓపిక జట్టుకు లేదు. నేను రెండు పక్కలా కుట్లు విప్పి, నీలం గుడ్డ ముక్కలు రెండు వేసి వదులు చేశాను. పసుపు గుడ్డ మిగల్లేదు గనక పట్టీ అక్కడ తెగింది. ఫొటోలో ఆయన చేతులు ఎత్తకపోవడానికి కారణం ఆ అతుకులు కనబడతాయన్న సిగ్గు. ఇంతే. ఇది చెబుదామని నేను నోరు తెరిచాను.

కెప్టెన్ నాకంటే ముందు తెరిచారు.

"అది నా ఆలోచనే బాబూ. పట్టీ చుట్టూ కలిసిపోతే కంచె అవుతుంది. నాకు కంచెలు పడవు. ఏ జట్టుకైనా ఒక తలుపు తెరిచి ఉండాలి అన్నాను."

ఆయన నా వైపు చూడలేదు. ఉప్పు సీసా వైపు చూస్తూ చెప్పారు.

"మరి ఫొటోలో ఇలా నిలబడటం?"

"గెలిచినప్పుడు ఎగిరేవాడు ఆటగాడు. నిలబడేవాడు నాయకుడు."

విధేయుడి కళ్ళు చెమర్చాయి. నేను పెంచి చెప్పడం లేదు. తొడుగు వేసుకున్న వేలితోనే తుడుచుకున్నాడు. మా అమ్మాయి తండ్రి వైపు, పసిపిల్లగా ఉన్నప్పుడు ఆయన భుజాల మీదికి ఎక్కేముందు చూసే చూపు చూసింది.

"కుట్టింది ఎవరు సార్?"

"మా ఆవిడే. కావాలంటే వచ్చి కూర్చుని కుట్టి చూపిస్తుంది కూడా. తనేం అనుకోదు."

నేను అదే బల్ల దగ్గర, ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాను. నన్ను అడగలేదు.

గిన్నెలు సర్దుతుంటే అమ్మాయి వంటింట్లోకి వచ్చింది.

"ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పడానికి అందులో ఏముంది?"

"నువ్వెప్పుడూ ఇంతే. నాన్న మొన్న ఫోన్లో చెప్పగానే నాకు జెర్సీ మొత్తం కళ్ళ ముందు కనిపించిందనుకో. తెగిన పట్టీ, మోచేతుల భంగిమ. ఆ బొమ్మలు నిన్ననే యజమానికి చూపించేశాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు తెలుసా?"

నా చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని తుడిచి, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాను. "నేను అక్కడికి వచ్చి కూర్చోను" అన్నాను.

"ఎందుకమ్మా?"

ఎందుకో చెప్పాలంటే దాని బొమ్మల కింది నుంచి నేల లాగేయాలి. "నాకు కుట్టుపని ఇష్టం లేదు" అన్నాను. అది నిజమే, కాని అసలు కారణం అది కాదు.

"ఒక్క సీజనే. నువ్వు రాకపోతే ఆవిడ ఎందుకు రాలేదని వాళ్ళు తవ్వుతారు. నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు కదా. నా కోసం అమ్మా."

ఆ మాటకు జవాబు చెప్పగలిగిన తల్లులు ఉంటారేమో. నేను పక్కగదిలోకి వెళ్ళి కెప్టెన్‌ని నిలదీశాను.

"అంత అలవోకగా ఎలా అల్లారండీ?"

"ఏమైందోయ్ ఇప్పుడు? చిన్న మాట."

"నేను బతుకంతా దిద్దింది చిన్న మాటలే."

"అయితే ఆ కుర్రాడి ముందు, లావెక్కాను నాయనా, చొక్కా పట్టలేదు అనమంటావా? అమ్మాయి ముఖం చూశావా నువ్వు? ఎలా వెలిగిపోయిందో!"

"చూశాను. అందుకే నోరు మూసుకున్నాను. మీరు దాని ముఖం అడ్డం పెట్టుకుని మీ పొట్ట దాచుకున్నారు."

"అబ్బబ్బ, నీ నోరు!" అంటూ ఆయన పేపరు తెరిచారు. స్టేడియంలో ఒక వైపు మెట్లకు తన పేరు పెడతారన్న మాట అప్పటికే ఆయన చెవిన పడిందని నాకు తర్వాత తెలిసింది.

అద్దాల గదిని టిక్కెట్ల గేటుకూ, చిరుతిళ్ళ కౌంటరుకూ మధ్య నడవాలో కట్టారు. మూడు గోడలు అద్దం. నాలుగోది, ఆట జరిగే హాలు వైపుది, గట్టి గోడ. దాని మీద నిలువెత్తున కెప్టెన్ బొమ్మ. అంటే జనం నన్ను చూడగలరు, నేను ఆటను చూడలేను. బంతి నేలకు తగిలిన చప్పుడూ, ఈలా, జనం అరుపూ గోడలోంచి వచ్చి నా వీపుకు తగిలేవి.

లోపల ఒక పాత కుట్టుమిషను. మాది కాదు. మాది తుప్పు పట్టి ఏనాడో పోయింది. ఎక్కడినుంచో కొని తెచ్చి, కాళ్ళకు నల్లరంగు వేయించి పెట్టారు. పక్కన ముదురు నీలం గుడ్డ చుట్ట. 'అసలు జెర్సీ గుడ్డే పెట్టాలి, లేకపోతే జనాన్ని మోసం చేసినట్టవుతుంది' అన్నాడు విధేయుడు, ఏమాత్రం నవ్వకుండా. నా కళ్ళజోడు మరీ నాజూగ్గా ఉందని గుండ్రటిది ఒకటి ఇచ్చాడు. దాన్ని ముక్కు కొస మీదికి జార్చుకోమన్నాడు. దానికి పవరు లేదు. అక్షరాల్లో వెంట్రుకవాసి తేడా పట్టుకున్న నా కళ్ళకు ఆ గదిలో ఎదుటి మనిషి ముఖం కూడా మసకే.

నా మాటలూ అతనే రాసిచ్చాడు. మైకులో చెప్పాలి. 'ఈ పట్టీ ఎప్పుడూ కలవదు. అదే మన తలుపు. ఆయన చెప్పారు, నేను కుట్టాను.' మొదటిరోజు అతని కాగితం మీద అలవాటుగా ఎర్రకలం పెట్టబోయాను.

"మార్చకండి అమ్మగారూ, ఆమోదం అయిపోయింది" అన్నాడు.

"అబద్ధానికి ఆమోదం ఎవరిచ్చారు?"

"అంటే?"

"ఏం లేదు. వాక్యం బాగుంది."

జనం వచ్చేవారు. మోచేతులు డొక్కలకు అదుముకుని, అద్దానికి వీపు పెట్టి, నన్ను వెనక ఉంచుకుని ఫొటోలు దిగేవారు. హాల్లో మా జట్టుకు పాయింటు వచ్చినప్పుడల్లా మైకులో 'కెప్టెన్ భంగిమ!' అని వినిపించేది. వేలమంది ఒక్కసారిగా, రెక్కలు కట్టేసిన కోళ్ళలా మోచేతులు ముడుచుకునేవారట. మొదట్లో పాయింట్లు తక్కువ గనక ఆ కేకా తక్కువే. మా జట్టు వరసగా ఓడిపోతోంది.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఆట మొదలవకముందు, నాతో ఫొటో దిగమని ఒక ఆటగాణ్ణి పంపారు. నెట్ దగ్గర మధ్యలో నిలబడి అవతలివాళ్ళ బంతిని చేతులెత్తి అడ్డుకునేది అతనే. తలుపు కింద తల వంచి లోపలికి వచ్చాడు. తోటివాళ్ళు నిచ్చెన అంటారట. ఫొటో అయ్యాక వెళ్ళలేదు. మైకు మీద చెయ్యి మూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, మీకు నిజంగా కుట్టడం వచ్చా, లేక ఇది ఊరికే బొమ్మా?"

"ఓ మోస్తరుగా వచ్చు. ఏం?"

"ఈ చొక్కా వేసుకుని చేతులెత్తితే ఊపిరాడటం లేదు. ఎత్తకపోతే నా పనే లేదు."

"మీ కోచ్‌కి చెప్పావా?"

"చెప్పాను. ఆయన మీ బ్రాండు సారుకి చెప్పాడు. కొలతలన్నీ అసలు జెర్సీ లెక్క ప్రకారమే ఉన్నాయి, మారిస్తే ఊరుకునేది లేదన్నాడట. కావాలంటే నన్ను సన్నబడమన్నాడు. ఇంకా సన్నబడితే స్తంభం అనుకుని నాకే నెట్ కట్టేస్తారు పెద్దమ్మా!"

"ఏదీ, చెయ్యెత్తు."

ఎత్తాడు. చెవి దాటలేదు. సొరుగులో దాచుకున్న నా సొంత కళ్ళజోడు తీసి పెట్టుకుని, అతని చంక కింద చూశాను. ముందూ వెనకా ఉన్న పసుపు పట్టీని రబ్బరులాంటి మందపాటి రంగుతో అచ్చువేశారు. అది సాగదు. గుండెకు బిగించిన బెల్టులా పట్టేసింది. ఇక పట్టీ తెగినచోటు ఉన్న నీలం ముక్క? అక్కడ ముక్క లేదు. కుట్టు లేదు. ముక్కలాంటి బొమ్మ ఉంది. గుడ్డ అంతా ఒకటే. దాని మీద అతుకు బొమ్మ అచ్చువేశారు, నా వంకర కుట్ల గీతలతో సహా.

నాకు అంత కోపం అంతకుముందు ఒకటి రెండుసార్లు మించి రాలేదు. మొత్తం చొక్కాలో, ఒక మనిషి ఊపిరి పీల్చుకుని చెయ్యెత్తడానికి వేసినది ఆ గుడ్డ ముక్క ఒక్కటే. వీళ్ళు దాని రూపానికి విధేయంగా ఉండి, దాని పనిని తీసి పారేశారు.

"విప్పు" అన్నాను.

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు!"

"కుట్టడం చూద్దామనే కదా వచ్చారు. చూడనీ."

అతను చొక్కా విప్పి, చేతులు గుండెకు అడ్డం కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నేను పక్కలు కత్తిరించి, చుట్టలోంచి నీలం గుడ్డ రెండు ముక్కలు కోసి, రెండు వైపులా వేశాను. నా చేతులు ఆ పనిని మరిచిపోలేదు. కుట్టు మాత్రం అప్పుడెంత వంకరో ఇప్పుడూ అంతే వంకర. మైకులో విధేయుడి వాక్యాలు చెబుతూనే ఉన్నాను. నోరు వాళ్ళది, చేతులు నావి. అద్దం బయట జనం, ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

నిచ్చెన తొడుక్కుని చేతులు ఎత్తాడు. వేళ్ళు గది కప్పుకు తగిలాయి.

"పెద్దమ్మా" అన్నాడు. ఆ ఎత్తిన చేతులతోనే నాకు దండం పెట్టి పరుగెత్తాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరూ ఫొటో నెపం మీదే వచ్చారు. బొమ్మ గీసిన చోటే నిజం ముక్క పడింది గనక దూరం నుంచి చూసేవాళ్ళకు తేడా తెలియదు. ఆటగాళ్ళంతా చేతులెత్తగలిగిన వారం నుంచి జట్టు గెలవడం మొదలుపెట్టింది. విధేయుడు నా గదికి వచ్చి, "చూశారా అమ్మగారూ, బ్రాండు పని చేస్తోంది!" అన్నాడు. చేస్తోందన్నాను.

అయితే దానివల్ల నా గది పెద్దదేం కాలేదు. జట్టు గెలిచేకొద్దీ కెప్టెన్ బొమ్మ గోడలు దాటి సంచుల మీదికీ, టీ కప్పుల మీదికీ ఎక్కింది. పత్రికలవాళ్ళు ఇంటికి రాసాగారు. ఆయన చెప్పే కథ వారానికొక కొమ్మ వేసింది. పసుపు పట్టీ సూర్యోదయమయింది, నీలం సముద్రమయింది. నేను ఆ పక్కన కాఫీ కప్పులు పట్టుకుని నిలబడేదాన్ని. ఒకామె నన్ను అడిగింది: "కుట్టుపని తప్ప మీకు ఇంకేమైనా అభిరుచులు ఉన్నాయా అండీ?" మా గోడలకు నాలుగు అలమారలు, నేను దిద్దిన పుస్తకాలు. ఆమె వాటికే ఆనుకుని నిలబడి అడిగింది.

"చదవడం వచ్చు" అన్నాను. ఆమె అది రాసుకోలేదు.

సీజను చివరికి వస్తుండగా అమ్మాయి నా గదికి వచ్చింది. చేతిలో ఉతుక్కొచ్చిన జెర్సీ, మెడలో టేపు. గేట్లు ఇంకా తెరవలేదు. నడవా ఖాళీగా ఉంది.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"కుట్టు చూస్తే తెలియడం లేదూ?"

"జోకులు వద్దు. పక్క ముక్క ఎంత వెడల్పు ఉండాలో వాళ్ళ పత్రంలో ఉంది. ఇది దానికి రెట్టింపు. ఇది బయటపడితే ముందు పోయేది నా ఉద్యోగమే, తెలుసా నీకు? నువ్వేంటమ్మా, ఇలా..."

చుట్ట పక్కన ప్రదర్శనకు పెట్టిన కొత్త జెర్సీ ఒకటి ఉంది, ఎవరూ తొడగనిది. "ఇది వేసుకో" అన్నాను. "వేసుకుని చేతులెత్తు."

విసుక్కుంటూనే తన చొక్కా మీద తొడుక్కుంది. ఎత్తింది. చెవి దగ్గర ఆగింది. ముఖం ఎర్రబడింది. విప్పించి, నేను కుట్టినది ఇచ్చాను. చేతులు సులువుగా పైకి వెళ్ళాయి. అలాగే కొంతసేపు ఉంచింది, గది పైకప్పు వైపు చూస్తూ. తర్వాత మెల్లగా దించింది. దించేటప్పుడు మోచేతులు వాటంతట అవే డొక్కల పక్కకు చేరాయి. ఎదుటి అద్దంలో తన నీడ చూసుకుంది. మోచేతుల కింద నీలం ముక్కలు పూర్తిగా దాగిపోయాయి.

అది చేతులు తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది.

"అమ్మా, నాన్నకి ఆ ఏడు మోకాలు బెణికింది కదూ?"

"అవును."

"ఎన్నాళ్ళు ఆడలేదు?"

"తినడానికి సరిపడా."

అది నవ్వుతుందని నేను అనుకోలేదు, నవ్వలేదు. మిషను ముందున్న నా ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఆ భంగిమ ప్రతి గోడ మీదా వేయించాను" అంది. "ఆ గీతలు, నీ కుట్ల గీతలు, భూతద్దం పెట్టి గీశాను. ఎంత ప్రేమగా గీశానో తెలుసా? నువ్వు అప్పుడే చెప్పి ఉంటే..."

"అప్పటికే చూపించేశావు."

"నిజమే" అంది. మెడలోని టేపు వేలికి చుట్టుకుంటూ, "నాన్నని అడగాలని లేదమ్మా" అంది.

ఆ రోజు నుంచి మా భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చునేవాళ్ళం. నిజం ముగ్గురికీ తెలుసు. అమ్మాయికి తెలుసునని కెప్టెన్‌కి మాత్రం తెలియదు. ఆయన సూర్యోదయం గురించి చెబుతుంటే అది తల ఊపేది. ఆ ఊపు నేను భరించలేకపోయాను. ఆ అద్దాల గదిలో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు అదీ లోపలికి వచ్చి, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

చివరి మ్యాచ్ రోజున కెప్టెన్ చేత మొదటి సర్వీసు చేయించాలని యజమాని కోరిక. కొత్త జెర్సీ వేసుకుని, బంతి ఎగరేసి, తల మీదుగా కొట్టి, తర్వాత ఆ భంగిమలో నిలబడాలి. మెట్ల మీద ఆయన పేరు కూడా ఆ క్షణానే వెలగాలి.

గేట్లు తెరిచారు. నడవా నిండిపోయింది. అద్దం మీద చేతులు, ముఖాలు. అంతలో జనం రెండుగా చీలారు. కెప్టెన్ వచ్చారు, కొత్త జెర్సీలో. ఆయన వయసూ పొట్టా ఏనాడూ ఆ చొక్కా గీసినవాళ్ళ లెక్కలో లేవు. పట్టీ గుండె మీద పలుపులా బిగుసుకుంది. చేతులు రెండూ దేహానికి అతుక్కుని, నడకే వింతగా ఉంది. బయట జనం దాన్ని భంగిమ అనుకుని కేరింతలు కొట్టారు.

తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. అమ్మాయి అప్పటికే నా దగ్గర ఉంది. మైకు తీగ లాగేసింది.

"ఏమోయ్" అన్నారు.

"చెప్పండి."

"ఇది... కాస్త..."

"కాస్త ఏమిటి?"

ఆయన అమ్మాయి వైపు చూశారు. "నువ్వెళ్ళమ్మా, నీకు అక్కడ పనుంటుంది" అన్నారు.

"లేదు నాన్నా" అంది అది.

నేను మాట సాయం చేయలేదు. చేయకూడదని కూర్చున్నాను. గోడ అవతల డప్పుల చప్పుడు మొదలైంది. ఆయన నుదుటి మీద చెమట పుట్టి, కనుబొమ్మ దాకా జారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

"చెయ్యి లేవడం లేదోయ్" అన్నారు చివరికి. "వదులు చెయ్యి."

నేను కత్తెర తీసుకున్నాను. ముక్క కొలవడానికి నీలం గుడ్డ పరిచి, అలవాటు ప్రకారం రెండు వేళ్ళు పెట్టాను.

"రెండు వేళ్ళు చాలవమ్మా" అంది అమ్మాయి, మెడలోని టేపు తీసి నా చేతికిస్తూ. "అప్పుడంటే చాలాయి. ఇప్పుడు నాలుగు పెట్టు."

కెప్టెన్ దాని వైపు చూశారు. అది ఆయన వైపు చూడకుండా, గుండుసూదులు ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెడుతోంది. తర్వాత, చెప్పకుండానే, చొక్కా విప్పి ఇచ్చారు. అద్దాల బయట వందమంది చూస్తుండగా, ఆ పొట్టను దాచుకోవడానికి ఆయన ఏమీ చేయలేదు.

కుట్టి ఇచ్చాను. వేసుకుని వెళ్ళారు. అమ్మాయి వెనకే వెళ్ళింది.

నేను గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. పేరు పిలిచారు. హోరు. తర్వాత బంతి మీద అరచెయ్యి పడిన చప్పుడు, ఒకటే, గట్టిగా. తర్వాత 'కెప్టెన్ భంగిమ!' అని కేక. ఆ కేక వెంట ఎప్పుడూ వచ్చే కేరింత రాలేదు. హాలంతా ఏం చేయాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్కడో ఒకరు నవ్వారు. ఆపైన లేచిన చప్పుడు నేను ఆ సీజనంతా విననిది.

ఆయన రొప్పుతూ వచ్చారు. జుట్టు చెదిరింది.

"చూశావా?" అన్నారు. "రెండు చేతులూ ఎత్తేశాను. పూర్తిగా. పక్క ముక్కలు అందరికీ కనబడేలా. ఆ బ్రాండు కుర్రాడి ముఖం చూడాలి నువ్వు! చూశావా?"

"ఎక్కణ్ణుంచి చూడమంటారు?"

ఆయన గది చుట్టూ చూశారు. అద్దం, అద్దం, అద్దం. నాలుగో వైపు గోడ, దాని మీద తన బొమ్మ. సీజనంతా ఎన్నిసార్లో ఆ గది ముందు నిలబడి ఫొటోలు దిగిన మనిషి, అందులోంచి ఆట కనిపించదని అప్పుడే గమనించారు.

"లే" అన్నారు. నా పీట మీద కూర్చున్నారు. "వెళ్ళు. ఇంకా మొదటి సెట్టే."

"చేతులు ఊరికే పెట్టుకోకండి. కుడుతున్నట్టు కనిపించాలి. ఒప్పందంలో ఉంది."

"నాకు కుట్టడం రాదుగా."

"తెలుగు వచ్చుగా. మైకు తగిలించుకుని, పట్టీ ఎందుకు తెగిందో చెప్పండి."

పవరు లేని కళ్ళజోడు ఆయన ముందు పెట్టి, నాది పెట్టుకుని బయటికి వచ్చాను. నడవాలో విధేయుడు ఎదురుపడ్డాడు, ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మగారూ! మీరు గదిలో ఉండాలి కదా!"

"గది ఖాళీగా లేదు. అసలు మనిషే కూర్చున్నాడు."

హాలు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, మెట్ల వరస చివర నిలబడ్డాను. వెనక నడవాలోంచి మైకులో కెప్టెన్ గొంతు దగ్గి, సర్దుకుని, "అసలు సంగతేంటంటే, నాకు ఆ రోజుల్లో ఆకలెక్కువ" అని మొదలుపెట్టింది. తలుపు మూసుకుంది.

ఆ మాటతో ఎవరి ఉద్యోగం ఏమయిందో, బ్రాండు ఎలా సర్దుకుందో ఆ రోజుకు నాకు తెలియదు. ఆ సాయంత్రం నాకు తెలిసినది ఇంతే. అవతలివాడు బంతిని బలంగా కొట్టాడు. నెట్ దగ్గర మావాళ్ళు ముగ్గురు ఒక్కసారి లేచారు. మధ్యలో నిచ్చెన. ఆరు చేతులు నిటారుగా పైకి వెళ్ళాయి. చంకల కింద నీలం గుడ్డ విచ్చుకుంది, పట్టీ తెగిన చోటు, మనిషికి ఊపిరాడేంత. బంతి వాళ్ళ అరచేతులకు తగిలి అవతల పడింది.

నేను కళ్ళజోడు సర్దుకుని, అలవాటు చొప్పున, వరసగా చూసుకుంటూ వచ్చాను. నిచ్చెన ఎడమ పక్కన కుట్టు ఒకచోట ముడుచుకుంది. ఇంకొకడికి దారం కొస బయటికి వేలాడుతోంది. అవి తప్ప, అచ్చుకు ఇవ్వవచ్చు.